అడవిలో దొరికేది కూలీ, రేవులో దొరికేది ముఠా

2019 జులైలో సింగపూర్ రేవులో అధికారులు మూడు కంటైనర్లను ఆపి తెరిపించారు. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం నుంచి వియత్నాంకు వెళుతున్న ఆ సరుకు, కాగితాల ప్రకారం కలప. లోపల ఉన్నవి మాత్రం 8.8 టన్నుల ఏనుగు దంతాలు, 11.9 టన్నుల అలుగు పొలుసులు. దంతాలను బట్టి చూస్తే చనిపోయిన ఏనుగులు దాదాపు మూడు వందలు, పొలుసులను బట్టి చూస్తే చనిపోయిన అలుగులు, అంటే పత్రికల్లో పంగోలిన్ అని రాసే జంతువులు, సుమారు రెండు వేలు ఉంటాయని లెక్కగట్టారు. చైనా కస్టమ్స్ శాఖ ముందుగా ఉప్పందించి ఉండకపోతే ఆ మూడు పెట్టెలూ ఆ రోజు ఆ రేవు మీదుగా సాగిపోయిన వేల పెట్టెలతో పాటే వెళ్లిపోయేవి.

ఆఫ్రికాలో వన్యప్రాణుల అక్రమ వ్యాపారం అనగానే మనకు టీవీల్లో కనిపించేది ఎండిన గడ్డి మైదానం, తుపాకీ పట్టుకున్న రేంజర్లు, ముఖం చెక్కేసిన ఏనుగు కళేబరం. ఆ దృశ్యంలో అబద్ధం లేదు. అయితే కొన్నేళ్లుగా ఈ విషయం మీద వస్తున్న పరిశోధనలనూ కోర్టు తీర్పులనూ ఆసక్తిగా చదువుతున్న నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది: ఈ పోరాటంలో గెలుపోటములు ఎక్కువగా తేలుతున్నది అడవిలో కాదు, రేవులోనూ ప్రయోగశాలలోనూ కోర్టులోనూ. మాది శేషాచలం కొండలకు దగ్గరి ఊరు కాబట్టి ఈ సంగతి నాకు కొత్తగా తోచలేదు. ఎర్రచందనం నరికే కూలీ ఒకడు పోతే మరొకడు వస్తాడు. 2015 ఏప్రిల్‌లో ఇరవై మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు, ఆ తర్వాత కూడా దుంగలు కొండ దిగుతూనే ఉన్నాయి, రేవుల్లో వేరే సరుకు పేరుతో కంటైనర్లకు ఎక్కుతూనే ఉన్నాయి. ఎర్రచందనం, ఏనుగు దంతం రెండూ ఒకే అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో ఉన్నాయన్నది కూడా ఇక్కడ చెప్పుకోదగ్గ విషయమే.

ఆ ఒప్పందం పేరు సైటిస్. అంతరించే ముప్పున్న జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించేది ఇదే. 1973లో కుదిరి 1975లో అమలులోకి వచ్చింది. 1979లో ఆఫ్రికాలో సుమారు 13 లక్షల ఏనుగులు ఉండేవని అంచనా; పదేళ్లు తిరిగేసరికి అవి ఆరు లక్షలకు పడిపోయాయి. ఆ దశలోనే, 1989 జులైలో, కెన్యా అధ్యక్షుడు డేనియల్ అరప్ మొయి నైరోబీలో 12 టన్నుల దంతాల గుట్టకు స్వయంగా నిప్పంటించాడు. ఆ ఆలోచన వన్యప్రాణి శాఖ అధిపతి రిచర్డ్ లీకీది. అదే ఏడాది అక్టోబరులో లోజాన్‌లో జరిగిన సైటిస్ సభ ఆఫ్రికా ఏనుగును మొదటి అనుబంధంలో చేర్చింది, దాంతో దంతాల అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధమైంది. కొంతకాలం అంతా బాగానే సాగింది. తర్వాత ఆఫ్రికా దక్షిణాది దేశాల ఒత్తిడితో రెండుసార్లు ప్రభుత్వ గోదాముల్లోని దంతాల అమ్మకానికి అనుమతి ఇచ్చారు: 1999లో జపాన్‌కు, 2008లో చైనా, జపాన్‌లకు వంద టన్నులకు పైగా. ఈ రెండో అమ్మకమే వేటను మళ్లీ రగిలించిందా లేదా అన్నది ఆర్థికవేత్తల మధ్య ఇంకా తేలని వాదం. నా మటుకు నాకు కనిపించేది చిన్న విషయం. చట్టబద్ధమైన దంతం అంగట్లో ఉన్నంతకాలం దొంగ దంతానికి దాని పక్కన చోటు దొరుకుతుంది. చెక్కిన బొమ్మను చూసి అది ఏ ఏనుగుదో, ఏ ఏడాదిదో కొనేవాడు చెప్పలేడు.

ఆ తర్వాతి కాలంలో దెబ్బ అన్నిటికంటే ఎక్కువగా తగిలింది టాంజానియాకు. దేశానికి ఆగ్నేయంగా ఉన్న సెలూస్ అభయారణ్యంలో 1970లలో లక్షకు పైగా ఉన్న ఏనుగులు 2013 గణన నాటికి 13 వేలకు చేరాయి. దేశం మొత్తం మీద 2009లో 1,09,000 ఉన్న ఏనుగులు ఐదేళ్లలో 43 వేలయ్యాయి. 2014లో యునెస్కో సెలూస్‌ను ప్రమాదంలో ఉన్న వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది. 2016లో వెలువడిన ‘గ్రేట్ ఎలిఫెంట్ సెన్సస్’ అనే భారీ గణన 18 దేశాల్లో మైదాన ఏనుగులను విమానాల నుంచి లెక్కపెట్టి 3,52,271 అని తేల్చింది. ఏడేళ్లలో తరుగుదల ముప్పై శాతం.

ఈ వ్యాపారంలో భారతదేశానికి పాత్ర లేదనుకోవడానికి వీల్లేదు. జాంజిబార్ నుంచి బొంబాయికి తరతరాలుగా దంతాలు దిగుమతి అయ్యాయి. పశ్చిమ భారతంలో పెళ్లికూతుళ్ల చేతికి వేసిన దంతపు గాజుల్లో చాలావరకు ఆఫ్రికా దంతమే. మన చట్టం మొదట స్వదేశీ ఏనుగు దంతం అమ్మకాన్ని ఆపింది, 1991 సవరణతో ఆఫ్రికా దంతాన్నీ ఆపింది. వ్యాపారులు కోర్టుకెక్కారు. మంచు నేలల్లో దొరికే మామత్ దంతం మాటేమిటని, అంతరించిన జంతువుది కాబట్టి అది చట్టం కిందికి రాదని కూడా వాదించారు. 2003లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, దంతం పేరుతో చలామణీ అయ్యే ఏ సరుకుకూ సందు ఇవ్వకపోవడమే చట్టం ఉద్దేశమని చెప్పింది. ఆ సవరణ వచ్చిన ముప్పై ఏళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే ఆ కఠినత్వం మనకు మేలే చేసింది.

ఇక ప్రయోగశాల సంగతి. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ వాసర్ అనే శాస్త్రవేత్త వేసుకున్న ప్రశ్న చాలా మామూలుది: పట్టుబడిన దంతం ఎక్కడి ఏనుగుది? రేవులో పట్టుబడితే సరుకు ఏ దేశం నుంచి ఓడ ఎక్కిందో తెలుస్తుంది, ఏనుగును ఎక్కడ చంపారో తెలియదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల ప్రభుత్వాలు చాలాకాలం తప్పు చోట కాపలా పెంచాయి. వాసర్ బృందం ఎంచుకున్న ఆధారం ఏనుగు పేడ. పేగుల లోపలి పొర నుంచి రాలిన కణాలు పేడకు అంటుకుని ఉంటాయి, వాటిలో డీఎన్‌ఏ ఉంటుంది, ఏనుగును మత్తుమందు ఇచ్చి పడగొట్టే పని ఉండదు. రేంజర్లూ పరిశోధకులూ ఏళ్ల తరబడి పంపిన నమూనాలతో 29 దేశాల్లోని 71 చోట్ల ఏనుగుల జన్యు లక్షణాలు ఎలా మారుతూ వస్తున్నాయో చూపే పటం ఒకటి తయారైంది. ఆ తర్వాత ఏ దంతం వచ్చినా దాని డీఎన్‌ఏను ఈ పటం మీద పెట్టి చూస్తే, సుమారు 300 కిలోమీటర్ల తేడాలో ఆ ఏనుగు తిరిగిన చోటు చెప్పగలరు.

దంతం నుంచి డీఎన్‌ఏ తీయడం అనుకున్నంత సులువు కాదు. మామూలుగా పొడి చేస్తే పుట్టే వేడికి డీఎన్‌ఏ చెడిపోతుంది. అందుకని దంతం మొదటి భాగం నుంచి, అంటే చిగుళ్లలో దాగి ఉండే వైపు నుంచి, చిన్న ముక్క కోసి, ద్రవ నైట్రోజన్ చల్లదనంలో గట్టిపరిచి పిండి చేస్తారు. దీనికన్నా ముందు జరిగే పని నాకు మరీ ఆసక్తిగా అనిపిస్తుంది. పట్టుబడిన దంతాలన్నిటినీ గోదాము నేల మీద వరుసగా పరుస్తారు. ప్రతి దంతం మొదట్లో చుట్టుకొలత, చిగుళ్లు ఎక్కడిదాకా ఉండేవో చెప్పే గుర్తు, రంగు, వంపు చూసుకుంటూ ఒకే ఏనుగుకు చెందిన జతలను కలుపుతూ పోతారు. జతలో రెండింటినీ పరీక్షించడం ఖర్చు దండగ కాబట్టి ఒకదాన్ని పక్కన పెడతారు. వందల దంతాల మధ్య వంగి కొలతలు తీసుకుంటూ జతలు వెతుకుతున్నవాళ్లకు ఒక విషయం పదేపదే ఎదురైంది. సగానికి పైగా దంతాలకు జత కనిపించడం లేదు. ఏనుగుకు దంతాలు రెండు కదా, రెండోది ఏమైంది?

రెండోది ఇంకో కంటైనర్‌లో పోయింది. 2018లో వెలువడిన వాళ్ల పరిశోధనలో, వేర్వేరు సమయాల్లో వేర్వేరు చోట్ల పట్టుబడిన సరుకుల్లో ఒకే ఏనుగు దంతాలు రెండూ దొరికిన సందర్భాలు బయటపడ్డాయి. అలా జత కలిసిన సరుకులు చాలావరకు ఒకే రేవు నుంచి, కొద్ది నెలల తేడాతో బయలుదేరినవే. అంటే వాటిని పోగు చేసిన గోదాము ఒకటే, పంపిన చేయి ఒకటే. ఆ విధంగా కెన్యాలోని మొంబాసా, ఉగాండాలోని ఎంటెబ్బె, టోగోలోని లోమే కేంద్రాలుగా మూడు పెద్ద ముఠాలు ఆ కాలంలో వ్యాపారం నడిపాయని వాళ్లు తేల్చారు. 2022లో ఇంకో అడుగు వేశారు. 2002 నుంచి 2019 వరకు పట్టుబడిన 49 సరుకులు, మొత్తం 111 టన్నులు, వాటిలో 4,320 దంతాలు తీసుకుని, ఈసారి ఒకే ఏనుగు దంతాల కోసమే కాకుండా తల్లీబిడ్డల, తోబుట్టువుల దంతాల కోసం వెతికారు. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఒక కంటైనర్‌లో తల్లి దంతం, కొన్నేళ్ల తర్వాత మరో దేశపు రేవులో పట్టుబడిన కంటైనర్‌లో బిడ్డ దంతం దొరికాయి. ఏటేటా అదే మందల దగ్గరికి అదే మనుషులు తిరిగి వస్తున్నారని, రేవులు మారినా వ్యాపారులు మారలేదని దీంతో స్పష్టమైంది.

కోర్టులో దీనికి ఉన్న విలువ వేరు. దొరికిన స్మగ్లర్ మీద మామూలుగా నడిచేది ఆ ఒక్క సరుకు కేసే. అతను తనకు తెలియదంటాడు, లారీ డ్రైవర్ మీదకు నెడతాడు, కొద్దిపాటి శిక్షతో బయటపడతాడు. ఆ సరుకులోని దంతాలు మరో ఐదు సరుకులతో జత కలుస్తున్నాయని డీఎన్‌ఏ నివేదిక చెబితే అది ఏళ్ల తరబడి సాగిన కుట్ర కేసు అవుతుంది. మన హైదరాబాద్‌లో అత్తాపూర్ దగ్గర, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీకి చెందిన లాకోన్స్ అనే వన్యప్రాణి ప్రయోగశాల ఇదే తరహా పని దేశీయంగా చేస్తోంది. పట్టుబడిన మాంసమో చర్మమో పొడో ఏ జంతువుదో తేల్చే పద్ధతిని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2003లోనే ప్రచురించారు. వన్యప్రాణి కేసుల్లో అటవీ శాఖలు నమూనాలు పంపేది అక్కడికే.

వాసర్ పటం మరో మేలు చేసింది. 2006 తర్వాత పట్టుబడిన భారీ సరుకుల్లో మైదాన ఏనుగుల దంతాలు ఎనభై ఐదు శాతానికి పైగా తూర్పు ఆఫ్రికావి, అందులోనూ ముఖ్యంగా టాంజానియా ఆగ్నేయ ప్రాంతానివి, దాన్ని ఆనుకున్న ఉత్తర మొజాంబిక్‌వి అని 2015లో బయటపడింది. తమ ఏనుగులు క్షేమంగానే ఉన్నాయని అంటూ వచ్చిన టాంజానియా ప్రభుత్వానికి ఆ పటం తర్వాత తప్పించుకోవడానికి దారి లేకపోయింది.

రేవుల దగ్గర ఎదురయ్యే కష్టం సరుకు పరిమాణంతో. ప్రపంచంలో తిరుగుతున్న కంటైనర్లలో తెరిచి చూసేవి వందకు ఒకటో రెండో. అన్నీ తెరిస్తే వ్యాపారం ఆగిపోతుంది. స్మగ్లర్‌కు ఇది బాగా తెలుసు. 2015లో మొంబాసా నుంచి బయలుదేరిన సరుకుల్లో థాయిలాండ్‌లో మూడు టన్నులు, సింగపూర్‌లో 3.7 టన్నుల దంతాలు పట్టుబడితే, రెండూ టీ ఆకు బస్తాల మాటున దాచినవే. కెన్యా నుంచి టీ ఆకు వెళ్లడం కన్నా సహజమైన విషయం ఏముంటుంది? కొందరు కలప దుంగల లోపల గుల్ల చేసి నింపుతారు, కొందరు వేరుశనగల కింద దాస్తారు. దారి మధ్యలో ఓ రేవులో బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడ సరుకు వివరాల పత్రం, మార్పించి, సరుకు మొదలైన దేశం పేరు కనిపించకుండా చేస్తారు. ఇదంతా చేసేది చదువుకున్న క్లియరింగ్ ఏజెంట్లు. అడవి మొహం ఎన్నడూ చూడని వీళ్లు లేకుండా ఒక్క దంతం కూడా సముద్రం దాటదు.

మొంబాసా రేవులో దీనికి ఒక ఉపాయం ప్రయత్నించారు. కంటైనర్‌ను తెరవకుండానే లోపలి గాలిని యంత్రంతో పీల్చి ఒక వడపోత గుడ్డ మీదుగా పోనిస్తారు. ఆ గుడ్డను తీసుకువెళ్లి శిక్షణ పొందిన కుక్క ముందు పెడతారు. మండే ఎండలో ఇనుప పెట్టెల వరుసల మధ్య కుక్కను గంటల తరబడి తిప్పడం కన్నా ఇది తేలిక. టాంజానియాలోని మొరోగోరోలో అపోపో అనే సంస్థ దీనికన్నా విచిత్రమైన పని చేసింది. మందుపాతరలను వాసన పట్టేందుకు ఎలుకలను సిద్ధం చేసినవాళ్లు వీళ్లే. మన పందికొక్కంత ఉండే ఆఫ్రికా సంచి ఎలుకలకు అలుగు పొలుసులు, ఏనుగు దంతం, ఖడ్గమృగం కొమ్ము, నల్ల కలప వాసన గుర్తుపట్టడం నేర్పి, ఆ ఫలితాలను 2024లో ప్రచురించారు. ఎలుకకు ఎర్రటి చొక్కా తొడుగుతారు. దాని ఛాతీ దగ్గర చిన్న బంతి వేలాడుతుంటుంది. వాసన తగలగానే ఎలుక ముందుకాళ్లతో ఆ బంతిని లాగుతుంది, బీప్ మని మోగుతుంది. కాఫీ గింజలు, బట్టల సబ్బు పొడి వంటి వాటితో కలిపి మరుగుపరిచినా అవి పోల్చుకోగలిగాయి. కుక్క దూరలేని సందుల్లో ఎలుక దూరుతుంది, పెంపకం ఖర్చు తక్కువ. లంచం ఇచ్చి దాన్ని లొంగదీసుకోవడం కుదరదని నవ్వుకుంటూ అనుకోవచ్చు గానీ, బీప్ విన్న మనిషి ఏం చేస్తాడన్నది మాత్రం వేరే సంగతే.

ఆ వేరే సంగతి కోర్టుల దాకా సాగుతుంది. 2013లో కెన్యాలో 439 దంతపు వస్తువులతో పట్టుబడిన ఒక విదేశీయుడికి పడిన జరిమానా సుమారు 340 డాలర్లు, కట్టేసి వెళ్లిపోయాడు. పావులా కహుంబు నడిపే వైల్డ్‌లైఫ్‌డైరెక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ ఆ దేశపు కోర్టుల రికార్డులు తిరగేసి, 2008 నుంచి 2013 మధ్యకాలం వరకు నడిచిన వన్యప్రాణి కేసులను పరిశీలించింది. ఏనుగులు, ఖడ్గమృగాల కేసుల్లో దోషులుగా తేలినవారిలో జైలుకు వెళ్లింది నాలుగు శాతం మాత్రమే. చాలా చోట్ల ఫైళ్లే దొరకలేదు. ఆ నివేదిక పెద్ద దుమారం లేపింది. 2014 జనవరిలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం అంతరించిపోతున్న జంతువుల కేసుల్లో కనీసం రెండు కోట్ల షిల్లింగుల జరిమానా లేదా యావజ్జీవ ఖైదు విధించింది. ఆ నెలలోనే 3.4 కిలోల దంతంతో నైరోబీ విమానాశ్రయంలో దొరికిన మరో విదేశీయుడికి రెండు కోట్ల షిల్లింగులు, కట్టలేకపోతే ఏడేళ్ల జైలు అని తీర్పు వచ్చింది. సంస్థ పరిశీలకులు అప్పటి నుంచి విచారణల్లో కూర్చుని రాసుకోవడం మొదలుపెట్టారు. కోర్టు హాల్లో ఒక మనిషి నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నందుకే వాయిదాలు తగ్గాయంటే న్యాయవ్యవస్థలో అనుభవం ఉన్న మనవాళ్లెవరూ ఆశ్చర్యపోరు.

అయినా కథ సుఖాంతం కాలేదు. మొంబాసాలో ఒక కార్ల యార్డులో 2014లో రెండు టన్నులకు పైగా దంతాలు దొరికిన కేసులో ప్రధాన నిందితుడిని ఇంటర్‌పోల్ సాయంతో టాంజానియాలో పట్టుకున్నారు, 2016లో ఇరవై ఏళ్ల శిక్ష పడింది, ప్రపంచమంతా హర్షించింది. 2018లో పై కోర్టు సాక్ష్యాల్లోనూ విచారణ జరిపిన తీరులోనూ లోపాలున్నాయని ఆ శిక్షను కొట్టేసింది. శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, సాక్ష్యాన్ని పట్టుబడిన క్షణం నుంచి తీర్పు దాకా ఎవరు ఎలా భద్రపరిచారన్నదే కేసును నిలబెడుతుంది. పంచనామాలో ఒక సంతకం లేకపోతే కేసులు వీగిపోవడం చూస్తున్న దేశంవాళ్లం కాబట్టి దీన్ని మనకు విడమరిచి చెప్పనక్కరలేదు.

టాంజానియాలో కొంత మెరుగ్గా జరిగింది. యాంగ్ ఫెంగ్లాన్ అనే చైనా మహిళ 1970లలో, తమ దేశం టాంజానియా–జాంబియా రైలు మార్గం కట్టిస్తున్న రోజుల్లో, స్వాహిలీ దుబాసీగా అక్కడికి వచ్చింది. తర్వాత దార్ ఎస్ సలామ్‌లో రెస్టారెంటు నడిపింది, చైనా వ్యాపార సంఘంలో పెద్దగా వ్యవహరించింది. 2000 నుంచి 2014 వరకు వందల ఏనుగుల దంతాలు దేశం దాటించిందన్న ఆరోపణ మీద 2015లో ఆమెను అరెస్టు చేసిన ప్రత్యేక దర్యాప్తు దళం, వేటగాళ్లను వదిలి పైకి తీగ లాగుతూ పోయే పద్ధతి పాటించింది. 2019 ఫిబ్రవరిలో ఆమెకు పదిహేనేళ్ల జైలు పడింది. ఆ దళానికి అండగా నిలిచిన పామ్స్ ఫౌండేషన్ అనే వన్యప్రాణి పరిరక్షణ సంస్థ సహవ్యవస్థాపకుడు వేన్ లాటర్ ఆ తీర్పు చూడలేదు. 2017 ఆగస్టు 16 రాత్రి విమానాశ్రయం నుంచి హోటల్‌కు వెళుతుండగా దార్ ఎస్ సలామ్‌లోనే ఆయన టాక్సీని అటకాయించి కాల్చి చంపారు. టాంజానియా ఏనుగులు 2014 తర్వాత మళ్లీ పెరిగి సుమారు అరవై వేలకు చేరాయి.

స్థానిక కోర్టులు కదలనప్పుడు కేసు సరిహద్దు దాటిన సందర్భమూ ఉంది. 2017లో కంపాలాలో 1.3 టన్నుల దంతాలతో పట్టుబడిన ఒక ముఠా నాయకుడి కేసు అక్కడ ముందుకు సాగలేదు. తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థలు అతనితోనూ సహచరులతోనూ కొనుగోలుదారుల వేషంలో బేరాలాడి, దాదాపు 190 కిలోల ఖడ్గమృగం కొమ్ములు, పది టన్నుల దంతాల అక్రమ రవాణా కుట్ర కింద న్యూయార్క్‌లో అభియోగాలు మోపాయి. అతన్ని ఉగాండా నుంచి అప్పగించారు, నేరం ఒప్పుకున్నాడు, 2022లో 63 నెలల శిక్ష పడింది. ఆఫ్రికా నేరానికి అమెరికా కోర్టు అవసరమైందన్న చేదు అందులో ఉంది, కాదనను.

రేంజర్ల గురించి నేను తక్కువ రాయడం వాళ్ల త్యాగాన్ని తక్కువ చేయడం కాదు. కాంగోలోని విరుంగా జాతీయ పార్కులో ఇప్పటిదాకా రెండు వందల మందికి పైగా రేంజర్లు ప్రాణాలిచ్చారు. దక్షిణాఫ్రికాలో బలూలే రిజర్వులో 2013లో మొదలైన బ్లాక్ మాంబాస్ బృందంలోని మహిళలు తుపాకీ లేకుండానే కంచెల వెంట తిరుగుతూ ఉచ్చులు ఏరేస్తారు, చుట్టుపక్కల బడుల్లో పిల్లలకు పాఠాలు చెబుతారు. అయితే గ్రేటర్ క్రూగర్ ప్రాంతంలోని రిజర్వుల లెక్కలను ఏళ్ల తరబడి పరిశీలించి 2025లో వెలువడిన ఒక అధ్యయనం ఇబ్బందికరమైన నిజం చెప్పింది. రేంజర్లు, కెమెరాలు, కుక్కలు కలిసి ఏడు వందల మందికి పైగా వేటగాళ్లను పట్టించినా, దాని వల్ల ఖడ్గమృగాల వేట తగ్గిందని గణాంకాలు చూపలేకపోయాయి. లోపలివాళ్లే సమాచారం అమ్ముకోవడం, పట్టుబడినవారికి శిక్ష పడకపోవడం ఇందుకు ముఖ్య కారణాలని పరిశోధకులు రాశారు. అదే అధ్యయనంలో 2,284 ఖడ్గమృగాలకు ముందుగానే కొమ్ములు కోసేసిన చోట వేట 78 శాతం తగ్గింది. అందుకు అయిన ఖర్చు మొత్తం బడ్జెట్‌లో 1.2 శాతం. కొమ్ము మన గోళ్ల మాదిరి కెరటిన్, జంతువుకు నొప్పి ఉండదు, మళ్లీ పెరుగుతుంది, మళ్లీ కోయాలి. మొండికి మిగిలిన కాస్త కొమ్ము కోసం కూడా చంపేవాళ్లు ఉన్నారు, కొమ్ములున్న పక్క అడవికి తరలిపోయేవాళ్లూ ఉన్నారు. 2014లో దక్షిణాఫ్రికా 1,215 ఖడ్గమృగాలను పోగొట్టుకుంది, 2024లో 420. తగ్గుదల నిజమే, నాలుగు వందలు చిన్న సంఖ్య కాదన్నదీ నిజమే.

కొనేవాడు లేకపోతే చంపేవాడు ఉండడన్న మాట చాలాసార్లు విన్నదే, కానీ దంతం విషయంలో దానికి లెక్క ఉంది. చైనాలో 2014లో కిలో దంతం టోకు ధర 2,100 డాలర్లు. నిషేధం వస్తోందని తెలిసిన తర్వాత 2017 ఆరంభానికి 730 డాలర్లకు దిగింది. ఆ ఏడాది చివరి రోజున చైనా దేశీయ దంతపు వ్యాపారాన్ని మూసేసింది. హాంకాంగ్ 2021 చివరికి అదే చేసింది. జపాన్‌లో మాత్రం అంగడి ఇంకా తెరిచే ఉంది.

దంతాల వ్యాపార నిషేధానికి ఆఫ్రికా దక్షిణాది దేశాల నుంచి గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. బోట్స్వానా, నమీబియా, జింబాబ్వేల్లో ఏనుగులు ఎక్కువ, వాటి పక్కన బతికే పేద రైతులూ ఎక్కువ. రాత్రికి రాత్రి మొక్కజొన్న చేను తుడిచిపెట్టుకుపోతే పరిహారం ఎవరిస్తారని వాళ్లు అడుగుతారు. కుప్పం, పార్వతీపురం వైపు ఏనుగుల మందలతో వేగుతున్న రైతులకు ఈ ప్రశ్న తమదేనని అనిపిస్తుంది. నమీబియా 1996 చట్టంతో గ్రామ సంఘాలకు తమ ప్రాంతంలోని వన్యప్రాణుల మీద హక్కులూ పర్యాటక ఆదాయంలో వాటా ఇచ్చింది. అంతకుముందు వేటకు దారి చూపినవాళ్లలోంచే గ్రామ కాపలాదారులు తయారయ్యారు. అక్కడ ఏనుగులు పెరిగాయి. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది. దంతాలు అమ్మి ఆ డబ్బు పల్లెలకు ఇస్తామన్న వాదన మాత్రం నచ్చదు, ఎందుకంటే నమీబియా పల్లెలో లాభం కలిగించే ఆ అమ్మకం మూల్యాన్ని కట్టేది కాపలా చాలని గాబన్, కామెరూన్ అడవుల్లోని ఏనుగులు. మైదాన ఏనుగుకు వేరైన జాతి, ఆఫ్రికా అడవి ఏనుగు, ఇప్పటికే తీవ్రంగా అంతరించిపోతున్న జాతిగా 2021లో జాబితాకెక్కింది.

దంతం మీద ఇంత పని జరిగాక ముఠాలు ఖాళీగా కూర్చోలేదు. సింగపూర్ కంటైనర్లలో దంతాల కన్నా పొలుసుల బరువే ఎక్కువని మొదట చెప్పాను. అదే ఏడాది ఏప్రిల్‌లో వారం వ్యవధిలో నైజీరియా నుంచి అక్కడికి వచ్చిన రెండు సరుకుల్లో 25 టన్నులకు పైగా పొలుసులు పట్టుబడ్డాయి. 2016లో జోహానెస్‌బర్గ్‌లో జరిగిన సైటిస్ సభ ఎనిమిది రకాల అలుగులనూ మొదటి అనుబంధంలోకి చేర్చినా పరిస్థితి ఇది. అలుగుకు దంతపు జత లాంటి ఆనవాలు లేదు. ఒక్కో జంతువుకు వందల పొలుసులు, బస్తాలో వేల జంతువులవి కలిసిపోయి ఉంటాయి. అయినా 2023లో ఒక బృందం, హాంకాంగ్‌లో పట్టుబడిన పొలుసుల జన్యువులను ఆఫ్రికా అడవుల్లో సేకరించిన తెల్లపొట్ట అలుగుల నమూనాలతో పోల్చి, వేట ఎక్కువగా సాగుతున్నది కామెరూన్ దక్షిణ సరిహద్దులో, ఈక్వటోరియల్ గినియా, గాబన్‌లను ఆనుకుని ఉన్న ప్రాంతంలో అని చూపించింది. సరుకు ఓడ ఎక్కుతున్నది మాత్రం చాలావరకు నైజీరియాలో. కామెరూన్ అడవికీ లాగోస్ రేవుకీ మధ్య రోడ్ల మీద, గోదాముల్లో ఎవరు చేతులు మారుస్తున్నారో దర్యాప్తు సంస్థలు ఇప్పుడు వెతుకుతున్నాయి.